చావకచ్చేరి దారిలో గేగులు

సంక్రాంతి వచ్చేసరికి మా పర్లాకిమిడి బజార్లోకి గేగులు దిగుతాయి. మిగతా చోట్ల తేగలంటారు, మా వైపు గేగులే. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు గోనెపట్టా పరిచి కట్టలు కట్టి పేరుస్తారు. ఒకామె తెలుగులో ధర చెబుతుంది, పక్కనామె ఒడియాలో చెబుతుంది, కొనేవాళ్లు రెండూ కలిపి బేరమాడతారు. ఈ ఏడు కూడా రెండు కట్టలు తెచ్చాను. మా మనవరాలు గేగు తొక్క ఒలిచి, నిలువునా చీల్చి, లోపల నాలుకలా ఉండే మొలకను తీసి "తాతా, చందమామ" అని చూపించింది. మా చిన్నప్పుడూ దాన్ని చందమామ అనే అనేవాళ్లం.

గేగు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు చావకచ్చేరి రోడ్డు గుర్తొస్తుంది. అది మన దేశంలోది కాదు. శ్రీలంకలో, జాఫ్నా వైపు ఉంది. 1988 జనవరి నుంచి 1990 మార్చి దాకా నేను అక్కడ మన శాంతి సేనలో సాపర్‌గా, అంటే మందుపాతరలు తీసే ఇంజినీరింగ్ జవానుగా, ఉన్నాను. ఇన్నేళ్లలో ఊళ్లో ఎవరు అడిగినా "ఎంతమందిని చంపావు? నీ పక్కనే బాంబు పడిందా?" అనే అడిగారు. రోజూ ఏం చేసేవాడివి, ఏం తినేవాడివి అని అడిగినవాళ్లు తక్కువ. నాకు గుర్తున్నది మాత్రం ఎక్కువగా ఆ రోజువారీ సంగతే. అదే రాయాలనిపించింది.

పదో తరగతి పాతపట్నంలో మా మేనమామ ఇంట్లో ఉండి చదివాను. పాతపట్నం ఆంధ్ర, పర్లాకిమిడి ఒడిశా. మధ్యలో పట్టుమని గంట నడక లేదు. విశాఖలో సైన్యం భర్తీకి వెళ్తే మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో తీసుకున్నారు. ట్రైనింగ్ బెంగళూరులో. మా గ్రూపు 1780 నాటిది, జవాన్లను తంబీలంటారు, తమిళంలో తమ్ముళ్లని. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, తెలుగువాళ్లు అందరూ తంబీలే. రెండేళ్లు ఆ బ్యారక్‌లో ఉండేసరికి తమిళం నోటికి పట్టేసింది. ఆ భాష తర్వాత ఎక్కడ పనికొస్తుందో అప్పుడు తెలియదు.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకూ నడుస్తున్న యుద్ధాన్ని ఆపడానికి మన సేన వెళ్లింది. మొదట్లో జాఫ్నా జనం మనవాళ్ల మెడలో పూలదండలు వేశారని ముందు వెళ్లినవాళ్లు చెప్పేవారు. అక్టోబరు వచ్చేసరికి ఆయుధాల అప్పగింత చెడిపోయి, పులులతో మనకే యుద్ధం మొదలైంది. అదే ఆపరేషన్ పవన్. జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్ఫంట్రీ ప్లటూన్ దాదాపు మొత్తం అక్కడే నేలకొరిగింది. మేం వెళ్లేసరికి ఆ పెద్ద పోరు అయిపోయింది. దండలు వేసిన చేతులు తలుపులు మూసుకున్నాయి. మాకు మిగిలింది రోడ్లు.

మా అమ్మకు నేను లంకకు వెళ్తున్నానని తెలిసిన రోజు అన్నం ముట్టలేదట. వీధిలో ముసలమ్మలు వచ్చి "రావణాసురుడి ఊరుకా పంపారు మీ బాబుని?" అని అడిగారట. సముద్రం దాటిన హనుమంతుడు తిరిగొచ్చాడు కదా అని మా నానమ్మ సర్దిచెప్పింది. ఆ రోజు నుంచి అమ్మ ప్రతి మంగళవారం హనుమంతుడి గుడికి వెళ్లేది.

మద్రాసు నుంచి ఏఎన్-32 విమానంలో వెళ్లాం. రెండు గోడల వెంటా గుడ్డ బెంచీలు, మధ్యలో సామాను, అందరి ఒళ్లో తుపాకులు. పలాలీలో దిగి రన్‌వే దాటగానే నేను మొదట చూసింది తాటిచెట్లు. ఎటు చూసినా తాటిచెట్లే. ఇళ్ల చుట్టూ తాటాకు దడులు. ఎర్రమట్టి. ఒక పొలంలో మనిషి ఏతం తొక్కుతూ బావిలోంచి నీళ్లు తోడుతున్నాడు, అచ్చం మా టెక్కలి పక్క రైతులాగే. పక్కనే ఉన్న చిత్తూరు కుర్రాడు "అన్నా, ఇదేంది, మన ఊర్లెక్కనే ఉండాది" అన్నాడు. ఆ మాటకు ధైర్యం రావాలి. నాకు మాత్రం లోపల వణుకు పుట్టింది. మన ఊళ్లాంటి ఊళ్లో, మన నాన్నల్లాంటి మనుషుల మధ్య, వేలు ట్రిగ్గర్ మీద పెట్టుకుని నడవాలి.

మా క్యాంపు జాఫ్నా నుంచి చావకచ్చేరి వెళ్లే దారి పక్కన, మూతబడిన బడిలో ఉండేది. నల్లబల్ల మీద ఎవరో పిల్లాడు రాసిన లెక్క అలాగే ఉంది. దాన్ని ఎవరూ చెరపలేదు. మేం తుడవమని ఎవరికీ చెప్పలేదు కూడా. దాని కిందే పడక వేసుకునేవాళ్లం.

తెల్లవారుజామున నాలుగున్నరకు స్టాండ్ టు. చీకట్లో లేచి బూట్లు కట్టుకుని, ఎవరి మోర్చాలో, అంటే ఇసుక బస్తాల కాపలా గుంటలో, వాళ్లు, తుపాకీ బయటికి పెట్టి వెలుగొచ్చేదాకా కళ్లు చికిలించి చూడటమే. దాడి చేసేవాడు తెల్లారేముందు, పొద్దుగూకేముందు వస్తాడని సైన్యంలో పాత నమ్మకం. అందుకని రెండు పూటలా స్టాండ్ టు. వెలుగొచ్చాక ఎనామిల్ మగ్గు నిండా చాయ్, నాలుగు పూరీలు, కాగితంలో చుట్టిన శక్కర్‌పారాలు. అప్పుడు ఫాల్ ఇన్. ఆ తర్వాత రోడ్డు.

దాన్ని ఆర్వోపీ అంటారు, రోడ్ ఓపెనింగ్ పార్టీ. రాత్రంతా ఆ రోడ్డు మాది కాదు. పొద్దున్నే మేం నడిచి, మందుపాతర లేదని తేల్చాకే రేషన్ లారీలు, అంబులెన్సులు, పోస్టు బస్తాలు కదలాలి. ఇన్ఫంట్రీ వాళ్లు, అంటే కాల్బలం, రెండు పక్కలా తాటితోపుల్లో విడివిడిగా నడుస్తారు, తీగలు వెతుకుతూ. రోడ్డు మధ్యలో ముందు మేం, సాపర్లం. నాలుగు కిలోమీటర్లు నడిస్తే అవతలి క్యాంపు వాళ్లు ఎదురొస్తారు. మామూలుగా ముప్పావు గంట నడక. మాకు మూడు గంటలు పట్టేది.

డిటెక్టర్ పట్టుకున్నవాడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని పళ్లేన్ని నేలకు బాగా దగ్గరగా అటూ ఇటూ తిప్పుతూ వెళ్తాడు. ఇరవై నిమిషాలకోసారి మనిషిని మార్చాలి. అంతకంటే ఎక్కువసేపైతే చెవి మొద్దుబారుతుంది. ఇనుము తగిలితే చప్పుడు మారుతుంది. అప్పుడు బోర్లా పడుకుని, ప్రాడర్ అనే ఇనుప పుల్లను నేలలోకి నిలువుగా కాదు, ఏటవాలుగా, ముప్పై డిగ్రీల్లో మెల్లగా దింపాలి. నిలువుగా గుచ్చితే పాతర నెత్తిన తగులుతుంది. ఏటవాలుగా వెళ్తే పక్కన తగులుతుంది. తగిలాక వేళ్లతో మట్టి తియ్యాలి. చాలాసార్లు బయటపడేది మేకు, డబ్బా మూత, పాత తూటా గొట్టం. పగిలిన దువ్వెన కూడా ఒకసారి. తీసి జేబులో వేసుకుని మళ్లీ లేవడం. రోజుకు ముప్పై నలభై సార్లు అలా బోర్లా పడుకునేవాళ్లం. మట్టి వాసన ముక్కుకు అంత దగ్గరగా నేను ఎప్పుడూ పీల్చలేదు. మా నాన్న రైతు. ఆయన కూడా పీల్చి ఉండడు.

కొన్ని పాతరల్లో ఇనుము దాదాపు ఉండదు. చిన్న చెక్కపెట్టె, కొంచెం మందు, టార్చిలైటు సెల్లు, అంతే. వాటికి డిటెక్టర్ కన్నా కన్ను ముఖ్యం. మా నాయక్ సాబ్ కోయంబత్తూరు మనిషి. ఆయన రోజూ ఒకటే చెప్పేవాడు: "భూమిని చూడకు తంబీ, మనుషుల్ని చూడు." రోడ్డు మీద సైకిళ్లు పోతున్నాయా, పిల్లలు సంచీ తగిలించుకుని వెళ్తున్నారా, కొట్టు తలుపు తెరిచారా అని చూడాలి. జనం ఉంటే రోడ్డు బాగున్నట్టే. జనం లేకపోతే ఆగాలి. నిన్నటి రోడ్డు మనసులో పెట్టుకుని, ఈ రోజు ఏం మారిందో వెతకాలి. ఆ నాలుగు కిలోమీటర్లలో ప్రతి కల్వర్టు, ప్రతి దడి, ఏ గుమ్మంలో ఏ కుక్క పడుకుంటుందో నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నా వీధి కూడా నాకు అంత బాగా తెలియదు.

చేతిలో 7.62 ఎస్ఎల్ఆర్. బరువైన తుపాకీ, మ్యాగజైన్‌లో ఇరవై తూటాలు. ఎదుటివాళ్ల దగ్గర ఏకే-47లు ఉండేవి. ఆ తేడా గురించి రాత్రిళ్లు అందరూ మాట్లాడుకునేవాళ్లు. నాకు తుపాకీ కంటే ప్రాడర్ మీదే ఎక్కువ నమ్మకం.

తిరిగొచ్చాక లంగర్‌లో, మా వంటశాలలో, భోజనం. పప్పు, అన్నం, డబ్బాలో వచ్చిన కూర. మా సెక్షన్‌లో నలుగురం తెలుగువాళ్లం. ఆదివారం చింతపండు దొరికితే చారు పెట్టుకునేవాళ్లం. జాఫ్నాలో ఏడాది పొడుగునా పారే నదులు లేవు, అంతా బావుల నీళ్లే. ఊరి బావిలో తోడుకోవడానికి లేదు. ఏం కలిపారో, పక్కన ఏం పాతారో ఎవరికి తెలుసు. ట్యాంకర్ నీళ్లలో మందు గోళీ వేసుకుని తాగాలి. ఎంత దాహంగా ఉన్నా నోట్లో మందుల కొట్టు వాసన. అప్పుడప్పుడు ఏ పెరట్లోనో బావి గిలక చప్పుడు వినిపించేది, చల్లటి నీళ్లు కుండలోకి పడిన చప్పుడు. మహేంద్రతనయ ఒడ్డున పెరిగినవాణ్ణి. ఆ చప్పుడుకు కాళ్లు ఆగిపోయేవి.

ఇంటి నుంచి ఉత్తరం రావడానికి పన్నెండు పదిహేను రోజులు పట్టేది. మా చిరునామాలో ఊరి పేరు ఉండదు. నంబరు, పేరు, యూనిట్, 56 ఏపీఓ, అంటే సైన్యపు పోస్టాఫీసు. "56 ఏపీఓ అంటే ఏ జిల్లా బాబూ?" అని అమ్మ అడిగించింది. అమ్మకు చదువు రాదు. చెల్లి రాసేది. బడిలో ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నదే. ఏదైనా ఒత్తు గుర్తు రాకపోతే మధ్యలో ఒడియా అక్షరం పెట్టేసేది. ఒక్కోసారి నేను రెండు లిపుల్లో ఒకే మాటను కూడబలుక్కుని చదివేవాణ్ణి. మాట్లాడినట్టే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ ఉత్తరాలు అచ్చం అలాగే ఉండేవి. "అన్నయ్యా, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తన్నాను. ఆవు ఈనింది. పెయ్యదూడ. నువ్వు లేకుండా జున్ను ఎలా తింటామని అమ్మ ఏడ్సింది. మళ్లీ తింది." ఆ ఒక్క ముక్క నేను మోర్చాలో టార్చి కింద ఎన్నిసార్లు చదివానో. మళ్లీ తింది అని రాసినందుకు చెల్లికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అమ్మ తింటోందని తెలిస్తే నాకు ముద్ద దిగేది.

నేను రాసేవాటిలో ఎక్కడున్నామో, ఏం చేస్తున్నామో ఉండకూడదు. కాబట్టి తాటిచెట్ల గురించి రాసేవాణ్ణి. "ఇక్కడ తాటిచెట్లు మన వైపు లాగే ఉన్నాయి. ముంజలు కూడా కాస్తాయి." అమ్మ దాన్నే ఊరంతా చెప్పుకుంది. మా బాబు తాటితోపులున్న మంచి ఊళ్లో ఉన్నాడని.

ఆ తాటిచెట్లను నేనే నరికాను. ఈ ముక్క అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

మోర్చాల పైకప్పుకు తాటి మొద్దులంత గట్టివి ఏవీ లేవు. ఇసుక బస్తాలు, వాటి మీద అడ్డంగా మొద్దులు, మళ్లీ బస్తాలు. నరికే పని సాపర్లది. ఫిబ్రవరిలో ఒక రోజు, క్యాంపుకు కిలోమీటరు దూరంలో కల్వర్టు పక్కన ఉన్న ఇంటి దడి వెంట చెట్లకు సున్నంతో గుర్తు పెట్టాను. మా నానమ్మ అనేది, తాటిచెట్టు తాత నాటితే మనవడికి అందుతుందని. ఆ మాట చెవిలో ఉండగానే రంపం పట్టుకున్నాను. ఆ ఇంట్లో ఒక ముసలామె. తెల్లచీర, చెవులకు సాగిన రంధ్రాలు, నగలు లేవు. మొదటి చెట్టు పడింది. రెండోది పడింది. ఆమె అరవలేదు. మూడో చెట్టు మొదట్లోకి వచ్చి దాని బోదెకు చెయ్యి ఆనించి నిలబడింది. నాయక్ సాబ్ నా వైపు చూశాడు. "రెండు చాలు సాబ్" అన్నాను. చాలవు, నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇంకో చోట చూసుకుందాం అన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్న ఆ ఇంటి ముందు నుంచే వెళ్లేవాళ్లం. మేం వెళ్లేసరికే ఆమె వాకిలి ఊడ్చేసి ఉండేది. ఈనెల చీపురు గీతలు నేల మీద అర్ధచంద్రాల్లా, ఒకదాని మీద ఒకటి, దడి దాటి రోడ్డు అంచు దాకా, కల్వర్టు గోడ దాకా. ఎవరైనా తొక్కితే తెలిసిపోతుంది. మా వృత్తిలో అంతకంటే మంచి గుర్తు ఉండదు. ఆ గీతలు చెరగలేదంటే ఆ నూరు గజాలు నిశ్చింత. ఆ ముసలామె రోజూ ఊడుస్తున్నది తన వాకిలినే కానీ, నాకు మాత్రం దారి చూపినట్టు ఉండేది. కొన్నాళ్లకు తలెత్తి చూడటం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు "తంబీ" అంది. బెంగళూరులో ట్రైనింగ్ ఇచ్చిన ఉస్తాద్ పిలిచిన తంబీ వేరు, ఈ తంబీ వేరు. నేను "అమ్మా" అన్నాను. అంతకు మించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వానాకాలంలో రెండు నెలలు సెలవు దొరికింది. పలాలీ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి హౌరా మెయిల్లో శ్రీకాకుళం రోడ్డు, అక్కడ ప్యాసింజర్ పట్టుకుని నౌపడ. నౌపడలో మా చిన్న బండి. రెండున్నర అడుగుల పట్టాల మీద బొగ్గు ఇంజన్, పొలాల మధ్య నడిచినట్టే వెళ్లేది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం. కిటికీ పక్కన కూర్చుని నాకు తెలియకుండానే పట్టాల పక్క మట్టి వైపు చూస్తున్నాను. ఎక్కడ కొత్తగా తవ్వారో, ఎక్కడ గడ్డి రంగు మారిందో. ఎదురుగా కూర్చున్న పెద్దాయన "ఏం పడిపోయింది బాబూ?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఇంటికెళ్లాక మొదటి వారం మా వీధిలో నడి రోడ్డు మీదే నడిచాను. అంచు తొక్కలేదు. చెల్లి కనిపెట్టింది కానీ అమ్మకు చెప్పలేదు.

వెళ్లేటప్పుడు అమ్మ అరిసెలు, పలాస జీడిపప్పు కట్టిచ్చింది. క్యాంపులో ఒక్క పూటలో అయిపోయాయి.

మళ్లీ జనవరి వచ్చింది, 1989. మా సంక్రాంతి రోజుల్లోనే వాళ్లకు తై పొంగల్. చాలా ఇళ్ల ముందు మూడు రాళ్ల మీద కుండ కనిపించింది, యుద్ధం మధ్యలో కూడా. ఆ తర్వాత గేగుల కాలం. వాళ్లు పనంకిళంగు అంటారు. కొన్ని ఉడకబెట్టి తింటారు, మిగతావి చీల్చి ఎండబెట్టి పిండి చేసుకుంటారు. ముసలామె వాకిట్లో చాప మీద ఎండబెట్టిన ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పొద్దున ఆమె దడి దగ్గరే నిలబడి ఉంది. చేతిలో తాటాకులో చుట్టిన మూడు గేగులు, ఉడికించినవి. ఇంకా ఆవిరి వస్తోంది. "తంబీ, సాప్పిడు" అంది. తినమని.

ఆమె చెట్లు రెండు నరికినవాణ్ణి నేను. ఆ మొదళ్లు ఆమె వెనకాలే కనిపిస్తున్నాయి.

ఊరివాళ్లు ఇచ్చింది ఏదీ నోట పెట్టకూడదని ఆర్డరు. ఆ ఆర్డరు తప్పని నేను అనను. దానికి కారణాలున్నాయి, ప్రాణాలు పోయాయి. తీసుకున్నాను. చేతికి వెచ్చగా తగిలింది. వంద అడుగులు వేశాక నాయక్ సాబ్ ఏమీ అనకుండా చెయ్యి చాపి రోడ్డు పక్క చూపించాడు. మైలురాయి దగ్గర కూర్చుని ప్రాడర్‌తో గుంట చేసి గేగులు పూడ్చేశాను. రోజూ నేలలోంచి తీసే చేతితో ఆ రోజు పూడ్చాను. చిత్తూరు కుర్రాడు నా మొహం చూసి పక్కకు తిరిగాడు.

మధ్యాహ్నం తిరిగొస్తుంటే ఆమె అక్కడే ఉంది. ఎలా ఉన్నాయి అని అడిగింది. "నల్లా ఇరుందదు, అమ్మా" అన్నాను. బాగున్నాయని. ఆమె నవ్వింది. పైపళ్లు రెండు లేవు. ఈ ముప్పై ఏళ్లకు పైగా నన్ను వదలని సంగతి ఏదైనా ఉందంటే ఆ అబద్ధమే. కాల్పుల కలలు తగ్గిపోయాయి. ఆమె నవ్విన మొహం తగ్గలేదు.

ఫిబ్రవరిలో చిత్తూరు కుర్రాడి కాలు పోయింది. చెక్కపెట్టె పాతర. రోడ్డు దిగి రెండడుగులు పక్కకు వెళ్లాడు, అంతే. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను. హెలికాప్టర్ వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు వాళ్ల ఊళ్లోనే ఉన్నాడు, మనవళ్లున్నారు. ప్రతి సంక్రాంతికీ ఫోన్ చేస్తాడు.

మార్చిలో ఒక పొద్దున, బాగా గుర్తుంది, రాత్రి గాలి కొట్టింది. రోడ్డు మీద సైకిలు లేదు. అంత పొద్దున్నే అది పెద్ద వింత కాదు. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ముసలామె వాకిలి ఊడవలేదు. రాలిన ఆకులు అలాగే ఉన్నాయి. చీపురు గీతలు లేవు. దడికి కట్టేసే మేక లేదు. ఏడాదిగా ఒక్క రోజు కూడా అలా చూడలేదు. వాన పడుతుంటే కూడా ఊడ్చే మనిషి. చెయ్యెత్తాను. అందరూ కూర్చుండిపోయారు.

ఇన్ఫంట్రీ వాళ్లు తోపులోంచి చుట్టూ తిరిగి వచ్చారు. దడి వెంట రెండు వేళ్ల లోతులో పూడ్చిన సన్నటి జంట వైరు దొరికింది. ఒక కొస తోపులోకి వెళ్తోంది. ఆ కొసన ఎవరూ లేరు, అప్పుడే పారిపోయినట్టు గడ్డి నలిగి ఉంది. రెండో కొస కల్వర్టు కింద ప్లాస్టిక్ డబ్బాలోకి. దాన్ని తీసే ప్రయత్నం చేయలేదు, ఉన్నచోటే పేల్చేశాం. మనిషి నిలబడేంత గుంట పడింది. మట్టి పెళ్లలు ఆమె ఇంటి కప్పు మీద పడ్డాయి.

ఇంటికి తాళం. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. ముందు రోజు రాత్రే వెళ్లిపోయారని పక్కింటి కుర్రాడు చెప్పాడు. ఎక్కడికి అంటే తెలియదన్నాడు. మళ్లీ రాలేదు. భయపడి వెళ్లిపోయిందో, ఎవరైనా వెళ్లిపొమ్మన్నారో, పొద్దున్నే నేను ఆ వాకిలి చూస్తానని తెలిసి ఊడవకుండా వెళ్లిందో. మూడోదే నిజమని నా మనసు గట్టిగా చెబుతుంది. ఎందుకంటే ఆమె ఊడ్చి వెళ్లి ఉంటే మేం నడిచిపోయేవాళ్లం. వెళ్లేముందు చాప చుట్టి గోడకు ఆనించిన మనిషి, వాకిలి మరిచిపోయి ఉండదు.

ఆ యుద్ధంలో మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. పరమవీరచక్ర వచ్చిన మేజర్ పరమేశ్వరన్ పేరు అందరికీ తెలుసు, మిగతావాళ్ల పేర్లు వాళ్ల ఇళ్లల్లోనే ఉన్నాయి. అక్కడి మామూలు జనం కూడా పోయారు, పులుల చేతిలో, అక్కడి సైన్యం చేతిలో, మన చేతిలో కూడా. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. రాయకపోతే ఆ ముసలామె ముందు ఇంకో అబద్ధం ఆడినట్టు.

ఆ జూన్‌లో శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మన సేనను వెళ్లిపొమ్మన్నాడు. మమ్మల్ని చావకచ్చేరి నుంచి వవునియాకు మార్చారు. 1990 మార్చి 24న ఆఖరి ఓడ త్రింకోమలీ నుంచి బయల్దేరింది. మా యూనిట్ అంతకు కొన్ని రోజుల ముందే అక్కడే ఓడెక్కింది. మద్రాసులో ముఖ్యమంత్రి కరుణానిధి శాంతి సేన స్వాగతానికి రాలేదు, అదంతా పేపర్లలో వచ్చింది. మాకు అప్పుడు దాని మీద కోపం వచ్చేంత ఓపిక కూడా లేదు. రేవు గోడ మీద కూర్చుని కుళాయి నీళ్లు తాగాను. మందు గోళీ వేయని నీళ్లు. కడుపు నిండేదాకా తాగాను.

పర్లాకిమిడి స్టేషన్లో చిన్న బండి దిగేసరికి అమ్మ, చెల్లి ఉన్నారు. అమ్మ నా రెండు పాదాలూ చేత్తో తడిమి చూసింది. అక్కడ పాతరలున్నాయని నేను రాయలేదు. చెల్లి పేపర్లో చదివి చెప్పిందట. అన్ని నెలలూ అమ్మకు తెలుసు. తెలిసి తాటిచెట్ల గురించే అడిగించేది.

ఈ ఏడు సంక్రాంతికి చిత్తూరు తమ్ముడు ఫోన్ చేసినప్పుడు, అన్నా, గేగులు తిన్నావా అని అడిగాడు. తిన్నానని చెప్పాను. ఈసారి నిజమే.

ఇప్పటికీ నాలుగున్నరకు మెలకువ వచ్చేస్తుంది. వీధి తలుపు తీసి అరుగు మీద కూర్చుంటాను. మా ఆవిడ లేచి కల్లాపి కొట్టేసరికి ఐదున్నర అవుతుంది. చీపురు పట్టుకుని ఇంటి ముందు నుంచి రోడ్డు అంచు దాకా ఊడుస్తుంది. గీతలు పడతాయి. ఆమె ఊడ్చి లోపలికి వెళ్లాక చెప్పులు వేసుకుని పాలకు బయల్దేరతాను, గీతలు తొక్కకుండా పక్క నుంచి.